మన చర్మము – మనము పూయు ద్రవ్యములు

అభ్యంగనమునాడు ఒంటికి నువ్వులనూనె పట్టించి, నలుగు పెట్టి, కుంకుడురసముతో తల రుద్ది నీళ్లు పోయుట మన తెలుగిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ నలుగుపిండి డబ్బా ప్రక్కన నేడు మరికొన్ని సీసాలు, ట్యూబులు చేరినవి. ఒకదానిపై నియాసినమైడ్ అనియు, ఒకదానిపై రెటినాల్ అనియు, ఇంకొకదానిపై హయాలురోనిక్ ఆమ్లమనియు వ్రాసియుండును. ఇంటిలోని పెద్దవారు డబ్బాను నమ్ముదురు. ఆడపిల్లలు సీసాలను నమ్ముదురు. ఏది మంచిదని మాట వచ్చినపుడు "మా అమ్మమ్మనాటి నుంచీ వాడుతున్నదే" అని ఒకరు, "దీని ఖరీదు ఎంతో తెలుసా" అని మరియొకరు సాక్ష్యము చెప్పుదురు. ఈ రెండు సాక్ష్యములలో ఏదియు చర్మమునకు వినబడదు. తనపై పడిన వస్తువేది, అది ఎంత, ఎంతసేపు ఉన్నది అనునవి మాత్రమే దానికి తెలియును. వయసుచేతను ధరచేతను గాక, ఆ మూడు విషయములచేత మన యింటి ద్రవ్యములను ఈ ప్రసంగమున తూచి చూతము.

మొదట చర్మము సంగతి. మనము వేలితో తాకి, అద్దమున చూచి, చర్మమని అనుకొను పైపొర మిక్కిలి పలుచనిది. అరచేయి, అరికాలు తప్ప తక్కిన చోట్ల దాని మందము మిల్లీమీటరులో నూరవ వంతో, రెండు వంతులో ఉండును. అది జీవము పోయిన కణముల వరుసలతో కట్టిన గోడ. కణములు ఇటుకలైనచో వాని నడుమనున్న కొవ్వు పదార్థములు సున్నపు అడుసు. లోపలి నీరు ఆరిపోకుండ, బయటి సూక్ష్మజీవులు చొరకుండ కాచునది ఈ గోడయే. అడుగున పుట్టిన కణము పైకి వచ్చి రాలిపోవుటకు సుమారు నాలుగు వారములు పట్టును. కావున ఏ లేపనమైనను మూడునాళ్లలో మేనిఛాయ మార్చినదని వినినపుడు సంతోషింపక సంశయింపవలెను. ఈ మాటతో మనకు ముందుముందు పని కలదు.

ఈ గోడ కొంచెము పుల్లనిది. 1928లో షాడే, మార్కియోనీని అను ఇరువురు జర్మను శాస్త్రజ్ఞులు చర్మముపై స్వల్పమైన ఆమ్లగుణము గల పొరను గుర్తించి దానిని ఆమ్లకవచమని పిలిచిరి. ఆమ్లక్షారములను కొలుచుటకు డెన్మార్కు రసాయనవేత్త సోరెన్‌సెన్ 1909లో ఒక కొలమానమును ఏర్పరచెను. దానినే పి.హెచ్. అందుము. ఆ కొలతలో 7 సమస్థితి. అంతకు దిగువ ఆమ్లము, ఎగువ క్షారము. ఒక్కొక్క అంకెకు బలము పదిరెట్లు మారును. ఆరోగ్యముగానున్న చర్మము సాధారణముగా 5కు అటునిటుగా నిలుచును. అడుసుకట్టు చెడకుండుటకును, చెడ్డ సూక్ష్మజీవులు పెరుగకుండుటకును ఈ పులుపు అవసరము.

ఈ విషయమును పరికరములు లేకుండ ఇంటిలోనే చూడవచ్చును. తెల్లని కాగితపు ముక్కపై తడిపిన పసుపు పూసి ఆరనిండు. దానిపై స్నానపు సబ్బు నురుగు ఒక చుక్క వేయుడు. పసుపువన్నె ఎర్రబారును. అచటనే ఒక నిమ్మరసపు బొట్టు వేసినచో మరల పసుపువన్నెకు వచ్చును. పసుపులోని కర్‌క్యుమిన్ అను పదార్థము క్షారము తగిలినపుడు ఎర్రనగును. పెండ్లికూతురి పాదములకు పెట్టు పారాణి ఎరుపు ఇదియే. అచట క్షారము సున్నము. చీరపై పడిన పప్పుమరకకు సబ్బు రుద్దగానే అది ఎర్రబడి మన గృహిణులను గాభరా పెట్టునది కూడ ఇదే. ఎరుపు వచ్చినచో ఆ సబ్బు క్షారమని అర్థము. కొవ్వును క్షారముతో వండి చేసిన సబ్బులు సామాన్యముగా 9 మొదలు 10 వరకు ఉండును. చర్మముతో పోల్చిచూచిన పదివేల రెట్లకు తక్కువ కాని భేదము.

ఇంతమాత్రమున సబ్బు విషమని కాదు. చేతులు కడుగుకొనుటకు సబ్బును మించినది లేదు. ఆరోగ్యవంతుని చర్మము పోగొట్టుకొన్న పులుపును కొన్ని గంటలలో తిరిగి తెచ్చుకొనును. పసిబిడ్డలకు, వృద్ధులకు, పొడిచర్మము గలవారికి, గజ్జి తామరలతో బాధపడువారికి ఆ శక్తి తక్కువ. శీతకాలమున మరిగే నీళ్లతో, రోజుకు రెండుమారులు ఒడలంతయు సబ్బు రుద్దుకొని, పిదప కాళ్లు పగిలినవని, దురద పుట్టినదని వాపోవువారిని మనము ప్రతి యింటను చూచుచున్నాము. చంకలు, గజ్జలు, పాదములు, మట్టి అంటిన చోట్లు – వీనికి సబ్బు చాలును. తక్కిన ఒంటికి గోరువెచ్చని నీరే పని చేయును.

సబ్బు కొనునపుడు పైకాగితముపై టి.ఎఫ్.ఎం. అను మాట వెదకుడు. సబ్బులో మొత్తము కొవ్వుపదార్థమెంతయో తెలుపు శాతమది. భారత ప్రమాణములననుసరించి స్నానపు సబ్బులలో మొదటి తరగతికి కనీసము 76, రెండవదానికి 70, మూడవదానికి 60 శాతము ఉండవలెను. 'బేదింగ్ బార్' అని వ్రాసిన వానికి 40 శాతమున్నను చాలును. రెండును ఒకే రంగు కాగితములలో ఒకే వరుసన అంగడిలో నిలుచుచున్నవి. అయితే ఒక హెచ్చరిక: టి.ఎఫ్.ఎం. ఎక్కువైనంత మాత్రమున క్షారము తక్కువని కాదు. అది సరకు ఎంత కలదో చెప్పును గాని గుణమును చెప్పదు. గుణమునకు మన పసుపు కాగితమే పరీక్ష.

ఇక నలుగుపిండి. ఆ పసుపు కాగితముపై పెసరపిండి కలిపిన నీరు వేసి చూచినచో ఎరుపు రాదు. అనగా క్షారము లేకుండ మురికిని తీయుట దాని విశేషము. పిండి ఒంటినూనెను పీల్చుకొని, నీటితోపాటు జారిపోవును. కుంకుడు కూడ ఇట్టిదే. దాని నురుగునకు కారణము సపోనిన్ అను పదార్థము గాని క్షారము కాదు. (కుంకుడురసము కంటిలో పడిన మంట ఎరుగని తెలుగుబిడ్డ లేడు, ఆ మంట వేరు సంగతి.) సబ్బు సరిపడని చర్మమునకు మెత్తని పెసరపిండి నేటికిని చక్కని సాధనము. పిండి మెత్తగానుండవలెను. బరకగా విసరిన పిండితో మొగము తోముకొనుట మనము ముందు చెప్పుకొన్న గోడకు గరుకు కాగితము పట్టుట వంటిది. మొటిమలున్న ముఖమున అది పుండ్లకు దారితీయును.

నలుగులో పెసలు, శెనగలు, పసుపుకొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్లు వేయుట సామాన్యము. కొన్ని ఇండ్లలో బావంచాలను కూడ వేయుదురు. ఈ ఒక్క దినుసు దగ్గర మనము కొంచెము ఆగవలసియున్నది. బావంచాలను బొల్లి మచ్చలకు మందుగా ఆయుర్వేద వైద్యులు చిరకాలముగా వాడుచున్నారు. వానియందు సొరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మమున చేరియుండగా ఎండ తగిలినచో, ఎండలోని అతినీలలోహిత కిరణముల శక్తి అనేక రెట్లు పెరిగినట్లు చర్మము కమిలిపోవును. ఆ గుణమునే వైద్యులు మచ్చలలో రంగు తెప్పించుటకు వాడుకొనుచున్నారు. ఇట్టి పదార్థమే గల వేరొక మొక్కతో ఈజిప్టు దేశమున అబ్దుల్ మొనీమ్ ఎల్ మోఫ్టీ 1940 దశకమున బొల్లికి చికిత్స చేసి ప్రసిద్ధికెక్కెను. 1974లో అమెరికాలో సోరియాసిస్ వ్యాధికి సొరాలెన్ మాత్రలు, దీపకాంతి కలిపి ఇచ్చు పద్ధతి వెలువడినది. అచటి వైద్యులు మోతాదును మిల్లీగ్రాములలోను, కాంతిని క్షణములలోను లెక్కించుకొని ఇచ్చిరి. మన వంటింటిలో బావంచాలను చేతికి వచ్చినన్ని వేయుచున్నాము. ఎండను దేవుడే కొలిచి ఇచ్చుచున్నాడు.

నలుగు పెట్టి వెంటనే కడిగివేయుటచేత చాలమందికి ఏమియు కాకపోవచ్చును. అయితే ఆ పిండినే పాలలో కలిపి ముఖలేపనముగా అరగంటసేపు ఉంచుకొని, పిమ్మట చేలకో, బడికో, బస్సు కొరకో ఎండలోనికి పోవువారి మాట వేరు. ఈ కమిలింపు వెంటనే తెలియదు. మరునాడు ఎరుపు, రెండుమూడు నాళ్లకు మంటయు బొబ్బలును, ఆపై నెలలతరబడి నిలుచు నల్లని మచ్చ. అందుచేతనే కారణము నలుగుపిండి అని ఎవరికిని తోచదు. దిష్టి తగిలినదనియో, ఒంటికి వేడి చేసినదనియో అందురు. ఇంటిలో వాడు నలుగునుండి బావంచాలను తీసివేయుడని మా సలహా. వాసనకు వట్టివేళ్లు, కచ్చూరాలు చాలును.

నిమ్మకాయ తొక్కయందును ఇదే జాతి పదార్థములు గలవు. నిమ్మచెక్కతో ముఖము రుద్దుకొని ఎండలోనికి పోవుట వలన మచ్చలు పోవుటకు బదులు క్రొత్తవి వచ్చుట ఇందుచేతనే. అదిగాక నిమ్మరసము పి.హెచ్. సుమారు 2. చర్మము 5 అనుకొన్నచో వేయిరెట్లు పులుపు. మంట పుట్టినపుడు "పని చేస్తోంది" అని ఓర్చుకొనువారిని చూచితిమి. ఆ మంట గోడ కాలుచున్నదని చెప్పుచున్నది. దీనికి విరుగుడుగా కొందరు వంటసోడా పూయుదురు; అది క్షారము. పుల్లని దెబ్బకు చప్పని దెబ్బ మందు కానేరదు. మొగమునకు పులుపే కావలెననిన పెరుగు ఉన్నది. అందలి లాక్టిక్ ఆమ్లము నూటికి ఒకపాలు లోపే. చర్మపు పులుపునకు దగ్గరగానుండి సాధారణముగా హాని చేయదు. అట్లని అద్భుతములును చేయదు. కలబంద విషయమున ఒక చిన్న మెలకువ: ఆకు కోసినపుడు తొక్కక్రింద కారు పసుపుపచ్చని జిగురు దురద పుట్టించును. ఆకును నిలువుగా కాసేపు వదలి, ఆ జిగురు కారిపోయిన పిదప లోపలి తెల్లని గుజ్జును మాత్రము తీసుకొనవలెను.

పసుపును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. కర్‌క్యుమిన్ పసుపులో నూటికి మూడుపాళ్ల వరకు ఉండును; నీట సరిగా కరగదు. అందుచే చాలవరకు చర్మముపైననే నిలిచి వన్నె మాత్రమిచ్చును. అది వాపును తగ్గించునని పరిశోధనలు జరుగుచున్నవి గాని, పసుపు పూసిన చర్మము తెల్లబడునన్నమాటకు ఆధారము లేదు. భయపడవలసినది పసుపుచేత గాదు, దానిలో కలుపు కల్తీచేత. కొమ్ములు మెరయుటకై సీసపు లవణమైన లెడ్ క్రోమేటును పట్టించుట బంగ్లాదేశములో 2019లో పరిశోధకులు బయటపెట్టిరి. ఆ ప్రభుత్వము గట్టిగా పూనుకొని ఆ దుర్వ్యాపారమును అరికట్టెను. దుగ్గిరాల, నిజామాబాదు పసుపు పేరుగన్న మనము, కళ్లు చెదరు రంగు పొడిని కాక, మసకరంగు కొమ్ములను కొని దంపించుకొనుటయే ఉత్తమము. కూరలోనికిని అదే, నలుగులోనికిని అదే.

పసిబిడ్డల ప్రస్తావన ఇచట రావలెను. వారి గోడ ఇంకను కుదురుకొననిది. అది ఒకనెల, రెండునెలల మాట కాదు. పుట్టిన బిడ్డకు కనీసము 24 గంటలు గడచువరకు స్నానము చేయింపకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బిడ్డ ఒంటి నూగు పోవలెనని పిండితో గట్టిగా రుద్దు మంత్రసానులు, పెద్దమ్మలు నేటికిని కొన్ని పల్లెలలో గలరు. ఆ నూగు దానంతటదియే రాలిపోవును. రుద్దినందున పోవునది బిడ్డ చర్మమే. నూనె మర్దన మాత్రము మంచి అలవాటు. ఢాకా నగరములోని ఒక శిశు వైద్యశాలలో నెలలు నిండని శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూసి చూడగా, ఆసుపత్రిలో సోకు అంటురోగములు 41 శాతము తగ్గినవని 2005లో ప్రకటింపబడినది. నూనెలోని లినోలియిక్ ఆమ్లము గోడకు అడుసుగా పనికివచ్చుటయే అందుకు కారణమని వైద్యుల అభిప్రాయము. నెలలు నిండని బిడ్డల విషయము వైద్యులకే వదలవలెను. కాని మన నువ్వులనూనెలో కూడ ఈ ఆమ్లము దండిగా గలదని తెలియుట సంతోషకరము. నూనెను చేతితో మెల్లగా పూయవలెను. ముక్కులో, చెవిలో పోయకూడదు. మొటిమలు గల యౌవనస్థుల ముఖమునకు ఏ నూనెయు తగదు.

ఇంతవరకు చెప్పినవి ఇంటి వస్తువులు. పొరపాటు జరిగినను సాధారణముగా చర్మముతో పోవును. ఇక చెప్పబోవునది అట్టిది కాదు.

పెండ్లి కుదిరిన ఆడపిల్ల యున్న యింట తరచు ఇట్లు జరుగును. పొరుగింటి ఇల్లాలు ఒక చిన్న క్రీముడబ్బా తెచ్చి, "వదినా, పిల్లకు రాత్రిళ్లు ఇది పూయించు, పదిరోజుల్లో తేడా నీకే తెలుస్తుంది" అనును. డబ్బాపై తయారు చేసినవారి చిరునామా ఉండదు. పదిరోజులలో తేడా నిజముగానే తెలియును. మొగము పాలిపోయినట్లు తెల్లబడును. అందరును మెచ్చుకొందురు. పెండ్లి నాటికి మూడు డబ్బాలు అయిపోవును. పిల్ల అత్తవారింటికి పోయిన పిదప క్రీము మానగనే ముఖమంతయు ఎర్రబడి, మంటపుట్టి, మొటిమలు పొంగి, చెంపలపై నూగు మొలచును. భయపడి మరల పూయును, మరల తగ్గును. అప్పటినుండి ఆ డబ్బా విడువరాని వ్యసనమగును.

ఆ డబ్బాలో నున్నది స్టెరాయిడ్ మందు. 1952లో హైడ్రోకార్టిసోనును చర్మముపై పూసి వైద్యులు మొదట చూపిన ఫలితము వైద్యమున గొప్ప ముందడుగు. కొన్ని చర్మవ్యాధులతో తల్లడిల్లువారికి అది నేటికిని ప్రాణము లేచివచ్చునట్టి మందు. కాని అది వాపును, ఎరుపును, రంగును అణచుటతోపాటు చర్మమును పలుచన చేయును. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అను పేర్లు ట్యూబుపై కనబడినచో అది సౌందర్యసాధనము కాదు, మందు. మంగుమచ్చలకు వైద్యులు కొన్ని వారములపాటు వ్రాసి ఇచ్చు మూడు మందుల మిశ్రమమున కూడ స్టెరాయిడ్ కలదు. ఆ చీటీని ఏండ్ల తరబడి చూపి కొనుచు, చెల్లెండ్రకు వదినలకు పంచిపెట్టుటతోనే చిక్కు వచ్చుచున్నది. తామరకు కూడ ఇట్టి మిశ్రమ ట్యూబులను మందులషాపువాని మాటపై కొందరు పూయుదురు. దురద నాలుగునాళ్లలో ఆగును. తామర లోలోపల ప్రాకి ఇంటిల్లిపాదికి అంటును. 2018లో భారత ప్రభుత్వము పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చినది. అట్టి మందుల పెట్టెపై ఎర్రని గీత యుండును. అది కనబడగనే చేయి వెనుకకు తీయవలెను.

దీనికంటె దారుణమైనది పాదరసము. మేనికి రంగునిచ్చు మెలనిన్ తయారగుటను పాదరస లవణములు అడ్డగించును. అందుచేత అవి తెల్లబరచు మాట నిజమే. కాని చర్మము గుండ లోనికింకి మూత్రపిండములను చెరచును. కేరళలోని మలప్పురము జిల్లా వైద్యులు 2021కిని 2023కిని నడుమ తమ వద్దకు వచ్చిన ఒక విధమైన మూత్రపిండరోగుల పూర్వోత్తరములు విచారించిరి. 22 మందిలో 15 మందికి రోగము అరుదైన ఒక తీరున నున్నది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరచు క్రీములు వాడినవారు. పాదములు వాచుట, మూత్రము నురుగుగా పోవుట వారి తొలి లక్షణములు. ముఖమునకు పూసిన దానికి పాదము వాచునని ఎవరు ఊహింతురు?

జపానులోని మినమాటా పట్టణమున పాదరసముచే వేలమంది బాధపడిన చరిత్ర 1956లో లోకమునకు తెలిసినది. ఆ ఊరి పేరిటనే 2013లో ప్రపంచదేశములు ఒక ఒడంబడిక చేసికొనినవి. పాదరసము కలిపిన సౌందర్యద్రవ్యములన్నింటిని 2025 నాటికి నిలిపివేయవలెనని 2023లో ఆ దేశములే నిర్ణయించినవి. నిర్ణయములు నిర్ణయములుగానే యుండగా సంతలలోను, ఫోనుద్వారా ఇంటికి తెప్పించుకొను సరకులలోను అట్టి డబ్బాలు దొరకుచునే యున్నవి. వానిని గుర్తించుటకు మన ఆడవారికి బాగుగా తెలిసివచ్చు గుర్తు ఒకటి కలదు. 'బంగారు, వెండి నగలకు తగులనీయకుడు' అను హెచ్చరిక డబ్బాపై ఉన్నచో దానిని అనుమానింపవలెను. పాదరసము బంగారముతో కలిసిపోవు స్వభావము కలది. కంసాలి ఎరిగిన ఈ మాటను క్రీము తయారుచేసినవాడు కూడ ఎరుగును, కొనువారికే తెలియదు. క్యాలోమెల్, మెర్క్యురీ, మెర్క్యురస్ అను మాటలు కనబడినను అంతే.

మేనిరంగును గూర్చి ఒక్కమాట. రంగునిచ్చు కణముల సంఖ్య నల్లనివారియందును తెల్లనివారియందును ఇంచుమించు ఒక్కటే. భేదమంతయు అవి తయారుచేయు మెలనిన్ తీరులోను, పాళ్లలోను. మన ఎండకు ఆ మెలనిన్ పట్టిన గొడుగు ఏ సీసాయందును లేదు. పెండ్లిచూపులలో పిల్ల రంగును గూర్చి ప్రశ్న వేయు పెద్దమనుష్యులు తమ ప్రశ్న ఏ డబ్బా మూత తెరిపించుచున్నదో ఒకసారి ఆలోచింతురు గాక.

చట్టబద్ధముగా తయారై, చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ ముద్రింపబడిన సీసాలను గూర్చి మాకు విరోధమేమియు లేదు. పైపేరును విడిచి, వెనుకనున్న చిన్న అక్షరములు చదువుడు. నూటికి ఒకపాలు మించిన దినుసులను ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలెనను నియమమున్నది. చందనము, కుంకుమపువ్వు బొమ్మలు ముందువైపు మెరయుచు, వెనుక జాబితాలో చిట్టచివరనున్నచో వానిని మీరు బొమ్మకొరకే కొనుచున్నారు. హయాలురోనిక్ ఆమ్లము 1934లో ఆవుకంటినుండి వేరుచేయబడిన పదార్థము; తేమను పట్టియుంచును. ఆ పనిని మందులషాపులో చౌకగా దొరకు గ్లిజరిన్ కూడ చక్కగా చేయును. ఒకపాలు గ్లిజరినులో మూడునాలుగుపాళ్లు కాచి చల్లార్చిన నీరు కలిపి, స్నానము చేసి ఒళ్లు పూర్తిగా ఆరకముందే పూసికొనవలెను. రెండుమూడు నాళ్లకు సరిపడినంతనే కలుపుకొనుడు; నీరు చేరిన ఏ ఇంటి ద్రవ్యమందైనను సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. రెటినాల్ మొటిమలకును ముడతలకును పనిచేయును గాని మొదట చర్మమును పొట్టు లేపును; గర్భిణులు దాని జోలికి పోరాదు. ఎండ క్రీములు మంచివే. వాని బలమును చదరపు సెంటిమీటరునకు 2 మిల్లీగ్రాముల లెక్కన మందముగా పూసి కొలిచెదరు. మనము బొట్టంత తీసి ముఖమంతయు రాయుదుము. గొడుగు, కొంగు ఆ లోటును తీర్చగలవు.

ఇంటిదైనను అంగడిదైనను క్రొత్త వస్తువును ఒకసారి ఒక్కటే మొదలుపెట్టుడు. మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుమార్లు చొప్పున వారము పదినాళ్లు పూసి చూడవలెను. కడిగివేయవలసిన వస్తువును అంతసేపే ఉంచి కడిగివేయవలెను. ఎరుపు, దురద లేనిచో ముఖమునకు తేవచ్చును. నాలుగు వస్తువులు ఒక్కనాడే మొదలుపెట్టినవారికి దద్దురు లేచిన, దొంగ యెవరో తేల్చుట వైద్యునికిని సాధ్యము కాదు. ఇదివరకే తెల్లబరచు క్రీము చాలకాలముగా వాడుచున్నవారు ఈ మాటలు విని ఒక్కసారిగా మానక, డబ్బాను వెంటబెట్టుకొని చర్మవైద్యుని వద్దకు పోవలెను. కాళ్లవాపు ఉన్నవారు మూత్రపరీక్ష కూడ చేయించుకొనవలెను.

నలుగుపిండి పాళ్లు వ్రాయుడని అడుగుచుందురు గనుక: కిలో పెసలకు పావుకిలో శెనగలు, 50 గ్రాముల పసుపుకొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్లు 25 గ్రాముల చొప్పున. అన్నియు విడివిడిగా రెండు ఎండలు ఎండబెట్టి, మెత్తగా మరపట్టించి, పలుచని గుడ్డతో జల్లించి, తడి తగులని గాజుసీసాలో పోయవలెను. తడిచేయి సీసాలో పెట్టరాదు. వానకాలమున పురుగు పట్టును. నెలకు సరిపడినంతనే మరపట్టించుకొనుట మేలు.